మూడో బ్లాకు ఉత్తరం

1981 అక్టోబరు ఆరో తేదీ, మంగళవారం నాడు కువైట్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. కవరు మీద చేతిరాత మా ఆయనది కాదు. గుండ్రటి అక్షరాలు, ఒకదానికొకటి తగలకుండా, గీత గీసి రాసినట్టు తిన్నగా ఉన్నాయి. ఊరి పేరు పక్కన పిన్‌కోడు కూడా వేసి ఉంది. రెండున్నరేళ్లలో మా ఆయన ఒక్కసారి కూడా పిన్‌కోడు వేయలేదు.

ఆ రాత ఎవరిదో కవరు చించకముందే నాకు తెలుసు.

మా ఆయన చిన్న కాంట్రాక్టరు. సొంత ఊరు గార్లదిన్నె దగ్గర, కాపురం అనంతపురంలో. 1964లో మా పెళ్లయినప్పటి నుంచి ఆయన కల్వర్టులు కట్టాడు, చెక్‌డ్యాములు కట్టాడు, బడి గదులు కట్టాడు. వానలు పడని ఏళ్లలో కరువు పనుల కింద మట్టి రోడ్లు వేయించాడు. పని ఆయనది, కొలతలు నావి. మా నాయన పీడబ్ల్యూడీలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేశాడు. పన్నెండేళ్లకే నా చేతికి టేపు ఇచ్చాడు. "టేపుకు సున్నా పట్టుకునేవాడు దొంగయితే, ఆ తట్టువాడు యెంత సరిగా సదివినా ఏం లాభం" అనేవాడు. అందుకని సున్నా వైపు ఎప్పుడూ నన్నే నిలబెట్టేవాడు. పెళ్లయ్యాక మా ఆయన సాయంత్రం ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుంటూ పొడవు, వెడల్పు, లోతు చెప్పేవాడు. నేను రాసుకుని గుణించేదాన్ని. పదిహేనేళ్లలో నా లెక్కకూ ఓవర్సీరు లెక్కకూ తేడా వచ్చింది మూడుసార్లు. రెండుసార్లు తప్పు ఓవర్సీరుది.

మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. పునాది తవ్వాక, మట్టి కప్పేలోపల ఓవర్సీరు వచ్చి కొలిచి కొలతల పుస్తకంలో రాస్తాడు. దాన్ని ఎం-బుక్కు అంటారు. అందులో రాయడం సర్కారు మనిషి పని, సంతకం చేయడం కాంట్రాక్టరు పని. నేల మెత్తగా తగిలి "ఇంకో అడుగు దించప్పా" అని ఓవర్సీరు నోటితో అంటే దించడమే. కాగితం అడగకూడదు. అడిగితే ఆయన మాటను అనుమానించినట్టు. వారానికో రెండు వారాలకో ఆయనే వచ్చి రాస్తాడు. మా జిల్లాలో అందరూ ఇట్లాగే చేశారు, ఇట్లాగే బతికారు.

1978లో రెండు చెక్‌డ్యాముల బిల్లులు ఆగిపోయాయి. అప్పటికే కువైట్‌లో పనిచేసి వచ్చిన నల్లమాడ మేస్త్రీ ఒకాయన మా ఇంటికొచ్చి, అక్కడ కట్టుబడి పని కుప్పలుగా ఉందని చెప్పాడు. 1979 ఫిబ్రవరిలో మా ఆయన ఆ మేస్త్రీతో కలిపి ఇరవై ఏడు మంది మనుషులను తీసుకుని పోయాడు. అక్కడ పరాయి దేశంవాడి పేరు మీద పని ఇవ్వరు. ఆ ఊరివాడొకడు జామీను ఉండాలి. పాస్‌పోర్టులు ఆ జామీనుదారు దగ్గరే ఉంటాయి. ఒక పెద్ద కంపెనీ దగ్గర నుంచి మా ఆయనకు దొరికింది, సిబ్బంది ఉండే ఇళ్లు మూడు బ్లాకులు. బ్లాకుకు తొమ్మిదిమంది మనుషులు.

పటంలో పునాది లోతు రెండున్నర అడుగులు. తవ్వితే కింద ఉప్పు నీళ్లు, బూడిద లాంటి నేల. కంపెనీ ఇంజనీరు గుంతలోకి దిగి, తన రొమ్ము దాకా చెయ్యి పెట్టి చూపించి, అంతవరకూ దించి అడుగున కాంక్రీటు పోయమన్నాడు. మా ఆయన దించాడు. ఎవరైనా వచ్చి పుస్తకంలో రాస్తారని చూశాడు. ఎవరూ రాలేదు. అక్కడ ఎం-బుక్కు లేదు. అదనపు పని చెప్పిన వారంలోపల కాంట్రాక్టరే కాగితం మీద రాసి కంపెనీకి ఇవ్వాలట. ఆ సంగతి మూడు బ్లాకులూ పైకప్పు దాకా లేచాక, బిల్లు పెట్టినప్పుడు తెలిసింది. అప్పటికి ఆ ఇంజనీరు వేరే దేశానికి వెళ్లిపోయాడు.

లోతు ఉందని కంపెనీవాళ్లు ఒప్పుకున్నారు. కానీ తవ్వమన్నది ఎవరు అన్నారు. నువ్వే తప్పు తవ్వి మా మీద వేస్తున్నావన్నారు. ఈ తగాదా తేలేదాకా జామీనుదారు మా ఆయన పాస్‌పోర్టు ఇవ్వనన్నాడు. పని అయిపోయి మనుషులు చాలామంది తిరిగొచ్చారు. ఆయన ఒక్కడే అక్కడ ఉండిపోయాడు.

ఆ ఉత్తరం తెచ్చింది ఈ తగాదా సంగతే. రాసింది జామీనుదారు ఆఫీసులో గుమాస్తాగా పనిచేసే ఒకామె. చిత్తూరు వైపు మనిషి. భర్త చనిపోయాడు. నర్సుగా ఉన్న అక్కతోపాటు అక్కడికి చేరింది. ఇదంతా నాకు ముందే తెలుసు. మా ఆయన ప్రతి శుక్రవారం నాకు ఉత్తరం రాసేవాడు. 1979 మార్చి రెండు నుంచి 1981 సెప్టెంబరు ఇరవై ఐదు దాకా నూట ముప్పై ఐదు శుక్రవారాలు. ఇరవై నాలుగు వారాలు రాయలేదు. మిగతా నూట పదకొండు ఉత్తరాలు నా దగ్గర వరుసగా ఉన్నాయి. ప్రతిదాని మీద అందిన తేదీ, వరుస సంఖ్య వేశాను. 1979 అక్టోబరు ఇరవై ఆరో తేదీ ఉత్తరంలో ఆమె మొదటిసారి వచ్చింది, "ఆఫీసులో ఒక తెలుగు ఆమె చేరినాది" అని. ఆ తర్వాత ఎనభై నాలుగు ఉత్తరాల్లో అరవై ఒకటిలో ఆమె ఉంది. ఆమె హాజరు పుస్తకం, ఆమె సిమెంటు మూటల లెక్క, ఆమె టైపు చేసిన బిల్లు. ఆమె రూపం ఎట్లా ఉంటుందో ఒక్కదాంట్లోనూ లేదు. ఉండి ఉంటే నాకు ఇంతకంటే సులువుగా ఉండేదేమో. అందంగా ఉందని రాస్తే, మొగవాడు అన్నాక అంతే అని ఊరుకునేదాన్ని. ఆయన రాసిందంతా ఆమె పని గురించే. ఆ పని నాది.

ఉత్తరం ఇట్లా ఉంది. అక్కగారికి నమస్కారాలు. తగాదా తీర్చడానికి రెండు పక్షాలూ ఒక ఈజిప్టు ముసలి ఇంజనీరును ఒప్పుకున్నాయి. మొదటిసారి కూర్చున్నప్పుడు మీ సారు, కర్పూరం వెలిగించి ఆర్పి ప్రమాణం చేస్తాను, కంపెనీవాళ్లనూ చేయమనండి అన్నారు. ఆ ముసలాయన నవ్వి, అప్పట్లో ఎక్కడైనా రాసి పెట్టుకున్నావా అని అడిగారు. రాసినాను, నా పెండ్లానికి అని సారు చెప్పారు. ఇంజనీరు చెప్పిన మాటలు అదే వారం మీకు రాసి ఉంటే, ఆ ఉత్తరాలు సాక్ష్యంగా తీసుకుంటారట. దయచేసి పంపండి. నేను ఇంగ్లీషులోకి మార్చి పెడతాను.

ఏ ఉత్తరాలు, ఎట్లా కట్టాలి, రిజిస్టరులో ఏ పేరుకు పంపాలి, అన్నీ వరుసగా చెప్పింది. ఒక్క కొట్టివేత లేదు. నేను రాసినా సరిగ్గా అట్లాగే రాసి ఉండేదాన్ని. కింద మా ఆయన రెండు ముక్కలు చేర్చాడు: "ఈమె రాసింది సదివి అట్ల చేయి. నేను బాగుండా."

పదిహేను రోజులు ఆ మాట మీదే ఉన్నాను. ఈమె రాసింది చదివి అట్లా చేయాలట.

ఆ ఉత్తరాల్లో పునాదులు, కాంక్రీటు మాత్రమే లేవు. 1974లో మాకొక ఆడపిల్ల పుట్టి పదకొండు రోజులకు పోయింది. ఆ పిల్ల గురించి ఇంట్లో ఒక్క మాటయినా అనని మనిషి, ఆ దేశం పోయి నాలుగు ఉత్తరాల్లో రాశాడు. అవి ఆమె చదివి ఇంగ్లీషులోకి మారుస్తుందా? నాకు మనసు రాలేదు. నేను ఇంకో దారి పట్టాను. పునాదుల గురించి ఉన్న తొమ్మిది ఉత్తరాల నుంచి ఆ ముక్కలు మాత్రం ఏరి, మూడు పెద్ద కాగితాల మీద మంచి చేత్తో నకలు రాశాను. ఆమె రాత కంటే బాగుండాలని రెండుసార్లు చించి మళ్లీ రాశాను. ఎర్ర సిరాతో అంచుగీత కూడా కొట్టాను.

మా వైపు ఏ కాగితానికైనా విలువ రావాలంటే నకలు తీసి గెజిటెడ్ ఆఫీసరు చేత అటెస్టు చేయించాలి. అసలు కాగితం ఇంట్లో భద్రంగా ఉంటుంది, ముద్ర పడిన నకలు ఊరంతా చెల్లుతుంది. మాకు దగ్గరలో ఉన్న గెజిటెడ్ ఆఫీసరు పశువుల డాక్టరు. కాగితాలు చూసి ఆయన ఇబ్బందిపడ్డాడు.

"ఏమమ్మా, ఇవి మీ ఆయన ఉత్తరాలా? నేను ఎనుములకు ఇన్సూరెన్సు సర్టిఫికెట్ ఇచ్చేవాణ్ణి."

"బడి పిల్లోళ్ళ మార్కుల కాగితాలు మీరే గదా సార్ చేస్తారు."

"అవి మార్కులు. ఇవి కువైట్‌కు పోతాయంటివే. నా ముద్ర ఆడ చెల్లుతుందా?"

"గెజిటెడ్ అంటే యాడైనా గెజిటెడ్డే గదా సార్."

ఆయన నిజమే అన్నాడు. అసలుతో పోల్చి చూసి మూడు కాగితాల మీదా ముద్ర కొట్టాడు. అక్టోబరు ఇరవై ఒకటిన రిజిస్టరు చేశాను. అసలు కంటే బాగున్నదే పంపానని నిజంగానే అనుకున్నాను.

నవంబరు పదహారు మధ్యాహ్నం, మా పక్కింట్లో ఉండే ధర్మవరం పట్టుచీరల వ్యాపారి ఇంటికి ఫోను వచ్చింది. పరుగున పోయాను. అది మా ఆయన.

"నకళ్ళు ఏల పంపినావే?"

"అటెస్టు చేయించే పంపితిని."

"యెవరితో?"

"పశువుల డాక్టరుతో."

 

"ముద్ర సదివి ఆ ఈజిప్టాయన అడిగినాడు, ఇది ఎద్దుల డాక్టరుది గదా, నీ పునాదికేమన్నా గాలికుంటు రోగం వచ్చినాదా అని. కంపెనీవాండ్లు ఒకటే నవ్వు."

"రాత బాగలేదా?"

"రాత బాగుండాదనే చెప్పినాడు. అంత బాగుండాదంటే మొన్న కూర్చొని రాసిందే అన్నాడు. నలిగిన కాగితాలు కావల్లంట, పోస్టు ముద్ర ఉండే కవర్లు కావల్లంట. ఏరి పంపితే ఒప్పడు. మొదటి నుంచి కడదాకా అన్నీ. యెన్ని ఉండాయి?"

"నూట పదకొండు."

"నూట పదకొండూ పంపు."

"అన్నీ ఆమే సదువుతుందా?"

"ఈడ తెలుగు సదివేవాండ్లు ఇంకెవరుండారే?" తర్వాత గొంతు తగ్గించి అన్నాడు, "నేను రావల్లని ఉండాదా లేదా నీకు?"

అక్కడితో లైను పోయింది. పట్టుచీరల ఆయన భార్య నాకు మంచినీళ్లు ఇచ్చింది. నేను ఏం తప్పు చేశానో ఆ క్షణానికి నాకు పూర్తిగా తెలుసు. నా నకలు వల్ల నెలన్నర పోయింది. నెలన్నర ఆయన పాస్‌పోర్టు లేకుండా, చేసే పని లేకుండా, ఒక గదిలో కూర్చుని ఉన్నాడు. తెలిసి కూడా ఇంకో పదకొండు రోజులు ఆలస్యం చేశాను.

రోజూ మధ్యాహ్నం పెట్టె తెరిచి, ఉత్తరాలు చాప మీద పరిచి, ఒక్కొక్కటీ చదివి, మళ్లీ కట్టేదాన్ని. ఆమె కళ్లతో చదవడానికి ప్రయత్నించేదాన్ని. ఇక్కడ ఆమె నవ్వుకుంటుంది, ఇక్కడ నా మీద జాలిపడుతుంది అని లెక్కపెట్టుకునేదాన్ని. మా అత్త గడపలో కూర్చుని శెనక్కాయలు ఒలుస్తూ చూసేది. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో అంది:

"ఏమే, కోడిపెట్ట మాదిరి వాటి మీద పొదుగుతాండావు. మొగుడు కావల్లనా, మొగుడు రాసిన కాగితాలు కావల్లనా?"

"పంపుతా అత్తా. సరి చూసుకుంటాండా."

"యెన్నిసార్లు సూస్తావు? కాగితం పిల్లలు పెడ్తుందా?"

"పరాయి ఆడది సదువుతుంది."

"సదవనీ. సదివితే అరిగిపోతాయా? నా కొడుకు ఆడ ఒంటిగా సంగటి కెలుక్కుంటాండాడు."

సంగటి ఆయన ఒక్కడే కెలుక్కోవడం లేదు, శుక్రవారాలు ఆమె అక్క ఇంట్లో అందరికీ వండి పెడతారని ముప్పై ఎనిమిదో ఉత్తరంలో ఉంది. అది అత్తకు చదివి వినిపించలేదు.

పంపే ముందు ఒక పని చేశాను. అది ఇంతవరకూ రాత మీద పెట్టలేదు.

1979 నవంబరు తొమ్మిదో తేదీ ఉత్తరం మూడో బ్లాకు పునాదిది. అందులో ఇట్లా ఉంది: "ఈ బ్లాకులో కూడా ఇంజనీరు గుంతలో దిగి రొమ్ము లోతు చూపించి దించమన్నాడు." దాని కిందనే ఇంకో వాక్యం: "కొత్తామె హాజరు పుస్తకం చూసినాను, నీ లెక్కల కంటే శుభ్రంగా ఉండాది, నువ్వు కూడా అట్ల గీతలు గీసి రాసుకో." ఆ ఉత్తరం వచ్చినప్పుడు ఎనిమిది రోజులు జవాబు రాయలేదు. ఇప్పుడు ఈ వాక్యాన్ని ఆమే చదువుతుంది. చదివి, ఇంగ్లీషులోకి మార్చి, పదిమంది మొగవాళ్ల ముందు పెడుతుంది. వాళ్లందరికీ తెలుస్తుంది.

నా పోయిన పిల్ల గురించి ఉన్న నాలుగు ఉత్తరాలు ఉన్నవి ఉన్నట్టు ఉంచాను. చదివితే చదువుకోనీ అనుకున్నాను. ఈ ఒక్క వాక్యం మీద నల్ల సిరా కుంచెతో మూడుసార్లు పూశాను. ఆరనిచ్చి, ముందు ఇరవై ఎనిమిది, వెనక ఎనభై రెండు ఉత్తరాలున్న కట్టలో దాని చోట దాన్ని పెట్టి, నవంబరు ఇరవై ఏడు శుక్రవారం రిజిస్టరు చేశాను.

తర్వాత జరిగింది మా ఆయన ఇంటికొచ్చాకే నాకు తెలిసింది. 1982 మార్చి పద్నాలుగు, ఆదివారం వచ్చాడు. చిక్కిపోయాడు. స్నానం చేసి, అన్నం తిని, అత్త పక్కన మంచం మీద కూర్చుని చెప్పాడు.

జనవరిలో మూడు రోజులు కూర్చున్నారట. ఆమె ఒక్కొక్క ఉత్తరం తీసి, తేదీ చెప్పి, కవరు మీది పోస్టు ముద్ర చూపించి, పని సంగతి ఉన్న ముక్క ఇంగ్లీషులో చదివిందట. మిగతా ముక్కలు దాటేసిందట. ఈజిప్టాయన ఒకచోట ఆపి, ఇదేమిటి, ఇంత పెద్ద భాగం వదిలేశావు అన్నాడట. "బిడ్డ చనిపోయిన సంగతి, పునాది సంగతి కాదు" అని ఆమె చెప్పిందట. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ఇంక అట్లాంటివి అడగను అన్నాడట. మొదటి బ్లాకు ఒప్పుకున్నాడు. రెండో బ్లాకు ఒప్పుకున్నాడు. మూడో రోజు సిరా పూసిన ఉత్తరం వచ్చింది.

"సరిగ్గా ఇంజనీరు మాట కిందనే నల్లగా ఉండాది," అన్నాడు మా ఆయన. "కంపెనీ మనిషి లేచి, చూసినారా, సొంత ఖర్చుతో దించమన్నాడని కింద రాసి ఉంటాడు, అందుకే కొట్టేసినారు అన్నాడు. నాకు తల తిరిగిపాయ. నేను ఏం రాసినానో నాకేం గుర్తు? రెండేండ్లు దాటె గదా. ఆమె కాగితాన్ని కిటికీ కాడికి తీసుకపోయి వెలుతురుకు పట్టి చూసింది. రోంతసేపు చూసింది."

"సదివిందా?"

"సదివిందనే అనుకుంటా. నా దగ్గరికొచ్చి, సార్, ఈ ఒక్కటి వెనక్కు తీసుకుందాం అనె. ఏముందమ్మా ఆడ అంటి. లెక్కకు సంబంధం లేనిదే సార్, కానీ నేను సదివి చెప్తే నమ్మరు, మీ మనిషి గదా అంటారు. ఇంకో తెలుగాయన్ని పిలిపిస్తే అందరి ముందర గట్టిగా సదువుతాడు. దీన్ని పట్టుకుంటే మిగతా నూట పదీ చెడతాయి అనె. సరే అంటి. మూడో బ్లాకు పాయ."

అత్త నా వైపు చూసింది.

"ఏముండె ఆడ?" అని ఆయన నన్ను అడిగాడు. కోపంగా కాదు. నిజంగానే గుర్తు లేదు ఆయనకు.

"ఏదో ఇంటి సంగతి," అన్నాను.

"ఇంటి సంగతి అయితే పూయడం ఏల? ఆమె మన బిడ్డ సంగతే సదవకపాయ."

ఆ వాక్యం ఏమిటో ఆయనకు ఎప్పటికీ చెప్పలేదు. ఆయన రాసి మరిచిపోయాడు. నాకు, నేనెప్పుడూ చూడని ఆ మనిషికి, అప్పటికి మా ఇద్దరికే తెలుసు. ఆయన భార్యను నేనే అయినా, ఆయనకూ నాకూ మధ్య ఉండాల్సిన ఒక గుట్టును ఆయనకు తెలియకుండా ఆమెతో పంచుకోవలసి వచ్చింది. ఆమె నన్ను కాపాడిందో, తన మెప్పు తన నోటితో చదవలేక తనను తాను కాపాడుకుందో, చాలా రోజులు తూకం వేశాను. ఏ వైపూ మొగ్గలేదు.

మూడో బ్లాకు తవ్వింది నల్లమాడ మనుషులు తొమ్మిదిమంది. మా ఆయన రెండు బ్లాకులకు వచ్చిందాన్ని ఇరవై ఏడు భాగాలు చేశాడు. నల్లమాడవాళ్లకు ఏమీ లేకుండా చేయలేడు. కాబట్టి అందరికీ మూడింట ఒక వంతు తగ్గింది. భాగాలు వేసింది నేనే. ఎందుకు తగ్గిందో ఆయన ఎవరికీ విడమరిచి చెప్పలేదు, ఒక కాగితం చెడిపోయిందని మాత్రం చెప్పాడు.

ఏప్రిల్ మొదట్లో నల్లమాడ మేస్త్రీ వచ్చాడు. మా ఆయన ఇంట్లో లేడు, రాప్తాడు దగ్గర ఒక బడి పని చూడటానికి పోయాడు. మేస్త్రీ అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి అడిగాడు:

"అక్కా, అన్న సరిగా చెప్పలేదు. మా బ్లాకుదే ఏల పాయ? వాండ్లవి నిలబడె గదా."

అబద్ధం నోటి దాకా వచ్చింది. లెక్కల్లో ఎప్పుడూ అబద్ధం రాయలేదు, ఇదీ లెక్కే అనిపించింది.

"ఆ కాగితం మీద సిరా పూసింది నేనేనప్పా."

"నువ్వా? ఏలక్కా?"

"నా లెక్కలు సరిగా లేవని మీ అన్న రాసినాడు. ఆడ ఉండే ఆమెవి బాగుండాయని."

ఆయన గ్లాసు పక్కన పెట్టాడు. నవ్వాడు. "అంతేనా? నేనేమో దొంగ సారా సంగతి ఏదన్నా రాసినాడేమో అనుకుంటి. మా ఇంటామెకయితే సదువు రాదు, నేను ఏం రాసినా బాధ లే."

నేను నవ్వలేదు. ఆయనా ఎక్కువసేపు నవ్వలేదు. లేచి తుండు దులిపి భుజాన వేసుకుని, కోపం లేకుండానే అన్నాడు:

"మూడు నెలలు మోకాలి లోతు ఉప్పు నీళ్ళల్లో నిలబడి తవ్వితిమక్కా. మా తమ్మునికి కాళ్ళు పుండ్లు పడి ఇంగా మానలే. అన్నకు చెప్పు, నేను వచ్చి పోతినని."

ఆ రోజు నుంచి మూడేళ్లు, మా పనుల్లో మట్టి తవ్వకం ఏది వచ్చినా మొదట నల్లమాడవాళ్లకే ఇవ్వాలని నేను పట్టుబట్టాను. ఎందుకని మా ఆయన అడగలేదు.

మేస్త్రీ రాకముందే, మా ఆయన ఇంటికొచ్చిన ఐదో రోజు, మార్చి పంతొమ్మిదిన, ఆయన పెట్టె సర్దుతుంటే అడుగున గోధుమ రంగు కవరు దొరికింది. అంటించి, మీద "అక్కగారికి" అని రాసి ఉంది. ఇవ్వడం మరిచిపోయాడు. లోపల నేను సిరా పూసిన ఉత్తరం ఉంది. దానితో చిన్న చీటీ:

"ఇది ఫైలులో చేరలేదు కాబట్టి మీకు పంపుతున్నాను. మిగతావి సాక్ష్యం కాగితాలు, తిరిగి ఇవ్వరట. రెండుసార్లు అడిగాను. క్షమించండి. ఆ వారం నా హాజరు పుస్తకంలో ఇద్దరికి రెండేసిసార్లు హాజరు వేశాను. తర్వాత ఆ పేజీ తీసేసి కొత్తది రాశాను. సారు చూసింది కొత్త పేజీ."

అంటే నా దగ్గర ఇక మిగిలింది అదొక్కటే. పిల్ల గురించి రాసిన నాలుగూ పోయాయి. మొదటి ఉత్తరం, విమానం దిగిన వారం రాసింది, పోయింది. తేదీలు మాత్రం నా పుస్తకంలో ఉన్నాయి, నూట పదకొండూ.

చీటీని చాలాసార్లు చదివాను. ఆమె రాసింది నిజమా, నా మనసు కోసం తన పుస్తకంలో లేని తప్పును తనే వేసుకుందా? నిజమైతే, ఆమె కూడా నాలాగే పేజీ చించి మళ్లీ రాసే మనిషి. అబద్ధమైతే అది ఇంకా కష్టం. పరాయి ఆడదాని కోసం నా లెక్కను నేను తగ్గించుకుంటానా? ఆ ప్రశ్న వేసుకున్నప్పుడల్లా ఆమె మీద అసూయ పెరిగింది కానీ తగ్గలేదు.

మేస్త్రీ వచ్చిపోయాక జవాబు రాయాలని కూర్చున్నాను. విదేశాలకు వేసే నీలం కాగితాలు నాలుగు పాడుచేశాను. ఐదోది ఏప్రిల్ ఇరవై నాలుగున పోస్టు చేశాను. ఆ సాయంత్రం మా ఆయన అడిగాడు:

"ఆమెకు రాస్తివా?"

"రాసినా."

"ఏమని?"

"కాగితం మార్చి పంతొమ్మిదిన అందిందని."

"ఇంకేం రాయలేదా?"

"సంతకం చేసినా."

ఆయన బడి గోడల కొలతలు చెప్పడం మొదలుపెట్టాడు. నేను రాసుకున్నాను. పంపిన నీలం కాగితంలో మూడు వంతులు ఖాళీగానే ఉన్నాయి.